చీనా చెల్లెలికి ఇంగ్లీషు నేర్పిన సంగతి

మన పాఠశాల వార్షిక సంచికకు చీనా దేశమును గూర్చి యేదేని వ్రాసి పంపవలసినదని సంపాదకులు నాకు జాబు వ్రాసిరి. ఆ దేశమున నేను ఆరు సంవత్సరములు వైద్యవిద్య నభ్యసించితిని గావున ఈ కోరిక సహజమే. అయితే చీనా గోడను గూర్చియు, పట్టుపురుగులను గూర్చియు బాలబాలికలు పాఠ్యపుస్తకములలో చదివియే యున్నారు. అచ్చట నేమి తింటివని మా వీధి పెద్దమ్మలు అడిగిన ప్రశ్నలకు ప్రత్యుత్తరములు వ్రాసినచో సంచిక యంతయు వానితోనే నిండిపోవును. కావున వానిని విడిచి, నేనచ్చట చేసిన యొక చిన్న పనిని గూర్చి వ్రాయదలచితిని. అది చీనావారికి ఇంగ్లీషు నేర్పుట.

ఈ మాట విన్నవారిలో సగము మంది నవ్వుదురు. ప్రత్తిపాటినుండి పోయిన పిల్ల, పదవ తరగతి వరకు తెలుగులోనే చదివిన పిల్ల, ఇంగ్లీషు నేర్పినదట, అదియును చీనావారికట! నవ్వదగిన సంగతియే. కాని తెలుగు నాలుకతో ఇంగ్లీషు నేర్చినవారికి చీనావారి కష్టములు కొన్ని తెలిసినంత చక్కగా, పుట్టుకతోనే ఇంగ్లీషు వచ్చినవారికి తెలియవని నాకు అనుభవముచే తోచినది. ఎట్లో చెప్పెదను.

నేను 2013వ సంవత్సరము సెప్టెంబరు మాసమున హూబే రాష్ట్రములోని ఈచాంగ్ నగరమునకు పోయితిని. యాంగ్‌ట్సీ నది కొండల నడుమనుండి వెలువడి మైదానమున అడుగిడు తావున నున్న నగరమది. ఊరిలోనే ఒక ఆనకట్టయు, దానికి ఎగువన లోకప్రసిద్ధమైన మూడు కనుమల ఆనకట్టయు గలవు. బెజవాడ బారేజిని చూచియే నోరు తెరచిన మావంటివారికి ఆ నది యొక సముద్రమువలె నుండెను. మా విశ్వవిద్యాలయములో విదేశీయులకు వైద్యము ఇంగ్లీషున బోధించు తరగతులు వేరు, చీనా విద్యార్థుల తరగతులు వేరు. మన తెలుగు జిల్లాలనుండి వచ్చినవారే చిన్న బడి యొకటి పెట్టదగినంత మంది యుండిరి.

చీనా విద్యార్థులు వైద్యమును తమ భాషలోనే చదువుదురు. ఈ విషయమున వారు మనకంటె అదృష్టవంతులు. అయినను ఇంగ్లీషు వారిని విడిచిపెట్టదు. 1977వ సంవత్సరమున విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలను మరల ప్రారంభించి, 1978 నుండి దేశపు తలుపులు తెరచినది మొదలు ఆ దేశమున ఇంగ్లీషు చదువు నానాటికి ప్రబలెను. 2001వ సంవత్సరమునుండి మూడవ తరగతి పిల్లలకే ఇంగ్లీషు మొదలుపెట్ట నారంభించిరి. కళాశాల విద్యార్థులకు 1987 నుండి జాతీయ ఇంగ్లీషు పరీక్ష యొకటి కలదు. అందు నాలుగవ మెట్టు, ఆరవ మెట్టు అని రెండు భాగములు. జూనులో నొకసారి, డిసెంబరులో నొకసారి అది జరుగును. మొత్తము మార్కులు 710. పైపట్టమునకు పోవలెనన్న మరియొక జాతీయ పరీక్ష వ్రాయవలెను. అందును ఇంగ్లీషు పత్రము తప్పదు, దానికి నూరు మార్కులు. అది నెగ్గినవారిని ముఖాముఖిగా పిలిచి ప్రశ్నింతురు, అప్పుడు అనేక చోట్ల కొంతసేపు ఇంగ్లీషున మాటలాడింతురు.

అచ్చటనే చిక్కంతయు. వేలకొలది ఇంగ్లీషు మాటలు కంఠస్థము చేసినవారు, వ్యాకరణమున నన్ను ఓడింపగలవారు, ఎదుట మనిషి నిలిచి పేరడిగినచో చెమటలు పట్టి నిలిచిపోవుదురు. దీనికి వారి భాషలో ఒక పేరే యున్నది. దానిని తెలుగున మూగ ఇంగ్లీషు అనవచ్చును. మన ప్రాంతమున తెలుగు మాధ్యమమున చదివి కళాశాలకు పోయిన పిల్లలకు ఈ రోగ లక్షణములు నేను వర్ణింప నక్కరలేదు.

ఈ మూగతనమును పోగొట్టుకొనుటకు వారు ఇంగ్లీషు మూల అని ఒక యేర్పాటు చేసికొందురు. వారమున కొకనాటి సాయంకాలము ఏదో యొక చెట్టు క్రిందనో, తోటలోనో ఇంగ్లీషు మాటలాడ గోరువారందరు చేరుదురు. రుసుము లేదు, గురువు లేడు. షాంఘై ప్రజోద్యానములోను, పీకింగులోని ప్రజా విశ్వవిద్యాలయములోను ఇట్టి మూలలు మిగుల ప్రసిద్ధములు. మా విశ్వవిద్యాలయమున నున్నది చిన్నది. చలికాలమున అయిదారుగురు మాత్రమే చేతులు రుద్దుకొనుచు నిలిచెడివారు. తెల్లదొర యెవడైన ఆ దారిని పోయినచో అందరును వానిచుట్టు మూగెడివారు. మేము పోయినచో మర్యాదగా నవ్వెడివారు, కాని మా ఇంగ్లీషునకు వారు పెట్టిన పేరు కూర వాసన ఇంగ్లీషు. ఆ మాట మొదట విన్నప్పుడు నాకు రోసము కలిగెను. పిమ్మట ఆలోచింపగా మనవారును ఒకరి ఇంగ్లీషును విని ఏ జిల్లావాడో చెప్పి నవ్వుట లేదా యని ఊరకుంటిని.

2015వ సంవత్సరము శరత్కాలమున ఆ మూలలో నాకొక విద్యార్థిని పరిచయమయ్యెను. ఆమె నాకంటె ఒక సంవత్సరము క్రింది తరగతి. ఆమె పేరు ఇచ్చట వ్రాయను. పశ్చిమ హూబే కొండలలోని యొక పల్లె ఆమెది. తలిదండ్రులు మొక్కజొన్నయు, మిరపయు సాగుచేయుదురు. చీనా విద్యార్థులు పై తరగతి ఆడపిల్లను చదువుల అక్క అనియు, క్రింది తరగతి పిల్లను చదువుల చెల్లెలు అనియు పిలుచుట ఆచారము. ఆ వరుసనే మాకును కుదిరెను. ఆమెకు శిశువైద్యురాలు కావలెనని కోరిక. పెద్ద ఆసుపత్రులలో పైపట్టము లేనివారికి చోటు దొరకుట దుర్లభము. తండ్రి ఒక్క పర్యాయమే పరీక్ష వ్రాయుటకు ఒప్పుకొనెను. నెగ్గనిచో ఇంటికి దగ్గర నేదో యొక కొలువు చూచుకొనవలసినదే. తక్కిన విషయములన్నిట ఆమె తరగతిలో ముందు వరుస. ఇంగ్లీషు మాటలాడవలసి వచ్చినచో మాత్రము కంఠము పెగలదు.

విద్యార్థి వీసాపై నున్నవారు అనుమతి లేక జీతమునకు పని చేయరాదు. నేను కాసు పుచ్చుకొనలేదు. మేము చేసికొన్న ఒప్పందము వస్తు వినిమయమువంటిది: వారమునకు రెండు సాయంకాలములు నేనామెకు ఇంగ్లీషు, ఆమె నాకు చీనా. నాకును ఆ భాష అవసరమే. ఆసుపత్రిలో రోగులు ఇంగ్లీషు మాటలాడరు గదా. మంచముకడ నిలిచి ఎచ్చట నొప్పి యని అడుగ లేని వైద్య విద్యార్థిని గోడకు వ్రేలాడు పటముతో సమానము.

మొదటి దినముననే ఒక వింత తోచెను. బేరిపండును తెలుపు పేర్ అను ఇంగ్లీషు మాటను నేను పలికితిని. ఆమె ఎలుగుబంటి యని వ్రాసెను. ఇంకొకసారి పలికితిని. ఇంకొకసారి ఎలుగుబంటియే. ఆమె చెవిలో లోపమున్నదేమో యని మొదట తలచితిని. తరువాత ఆమెయే యొక సన్నని కాగితపు ముక్క నోటియెదుట పట్టుకొని ఆ మాట పలికెను. కాగితము రెపరెపలాడెను. నన్ను పలుకుమనెను. కాగితము కదలలేదు.

ఇందలి రహస్యము మన వ్యాకరణముననే యున్నది. చీనా భాషలో మన బకారమువంటి నాదముగల అక్షరము లేదు. వారికి రెండు పకారములే: ఒకటి ఊపిరి లేని అల్పప్రాణము, రెండవది ఊపిరి తోడి మహాప్రాణము. ఇంగ్లీషువారు మాట మొదట పకారమును ఊపిరితోనే పలుకుదురు. మన తెలుగు పకారమునకు ఊపిరి లేదు. కావున మనము పేర్ అనగానే చీనావారి చెవికి, తరచుగా ఇంగ్లీషువారి చెవికిని, అది బేర్ వలె వినిపించును. వారు తమ రాజధాని పేరు పలికినప్పుడు మన చెవికి పేయ్‌చింగ్ అని వినిపించుటకును ఇదే కారణము. ట, క లకును ఇదే న్యాయము. ఈ విషయమున ఆమెకు నేను నేర్పవలసిన దేమియు లేకపోయెను, ఆమెయే నాకు నేర్పెను. చిన్నతనమున పలకపై ఖ, ఠ, ఫ లను దిద్దుచు ఈ వత్తులెందుకు పెట్టిరో యని విసుగుకొంటిమి. పల్లెలలో వానిని సరిగా పలుకువారు అరుదు. యాంగ్‌ట్సీ యొడ్డున ఒక చీనా బాలిక కాగితపు ముక్కతో నాకు ఆ వత్తుల ప్రయోజనము చూపెను.

ఆమె కష్టము వేరొకచోట నుండెను. హూబే, హూనాన్, సిచువాన్ ప్రాంతములలో అనేక చోట్ల న, ల లకు భేదము లేదు. ఆ ప్రాంతపువారు నైట్ అనబోయి లైట్ అందురు, లైఫ్ అనబోయి నైఫ్ అందురు. జీవితమనబోయి కత్తి యనుట వైద్యులకు తగదు గదా! ఇంగ్లీషు దొరలు వ్రాసిన పుస్తకములలో నాలుక బొమ్మలు చూచి ఆమె విసిగి యుండెను. నేను చెప్పినది మోటు ఉపాయము: ముక్కు మూసికొని పలుకుము. నకారము పలుకునప్పుడు ముక్కు మూసినచో ధ్వని ఆగిపోవును, లకారమునకు ఆగదు. ఒక నెల దినములు ఆమె వసతిగృహపు మెట్లమీద ముక్కు పట్టుకొని న, ల అని జపము చేసెను. పోవువారు వచ్చువారు ఈ ఇద్దరికి జలుబు చేసినదని యనుకొనిరేమో.

వకార విషయమున మేమిద్దరమును సమానులమే. ఇంగ్లీషున పై పండ్లు క్రింది పెదవిని తాకించి పలుకు వకారమొకటి, పెదవులను గుండ్రముగా చేసి పలుకునది యొకటి. మనకున్నది రెండింటికి నడుమ నుండు ఒకే వకారము. ఆమెకు మొదటిది బొత్తిగా లేదు. అద్దము నెదుట పెట్టుకొని వైన్, వైన్ అని ఇద్దరము రెండు విధముల పలికి, ఏది ద్రాక్ష తీగయో ఏది ద్రాక్ష సారాయమో ఒకరి నొకరు పరీక్షించుకొంటిమి. మాటల చివర హల్లు నిలుపుటయు అట్టిదే. తెలుగు అజంత భాష. బస్సు, కారు, బల్బు, చివరకు డాక్టరు కూడ, అన్నిటికి ఉకారము తగిలించినగాని మనకు తృప్తి లేదు. చీనా మాట అచ్చుతోనో అనునాసికముతోనో ముగియవలెను గాని డకారముతోను, కకారముతోను ముగియదు. ఆమెయు చివర నొక అచ్చు తగిలించెడిది. ఇంగ్లీషు అమ్మ పాలతో త్రాగినవాడు ఇది విని నవ్వును, లేదా జాలిపడును. నాకు మాత్రము ఇంటికి వచ్చినట్లుండెను.

వ్యాకరణమున ఆమెను మిక్కిలి బాధించినది వాడు, ఆమె అను భేదము. చీనా భాషలో స్త్రీ పురుషులకును, వస్తువులకును పలుకునప్పుడు సర్వనామ మొక్కటే, తా. వ్రాతలో మాత్రము వేరు వేరు లిపులు. స్త్రీకి వేరు లిపి వాడుకలోనికి వచ్చుటయు గడచిన శతాబ్దపు తొలి దశకములలోనే. కావున తొందరలో ఎంత చదువుకొన్నవారికైన హీ, షీ తారుమారగును. ఆసుపత్రిలో ఆయనకు అయిదవ నెల గర్భము అని చెప్పినచో పరీక్షకులు ఊరకుందురా? నేనామెను మందలింపబోయినప్పుడు ఆమె మన భాషను గూర్చి యడిగెను. వ్యవహారమున అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అని చెప్పితిని. స్త్రీని ఆవుతో జతచేయుట మీకు సమ్మతమేనా యని ఆమె తిరుగ ప్రశ్నించెను. గౌరవముగా వచ్చారు అనవచ్చునని చెప్పి ఆ సాయంకాలము తప్పించుకొంటిని.

క్రియకు కాలభేదము వారికి లేదు. నిన్న, నేడు, రేపు అను మాటలతోనే కాలము తెలియును, క్రియ మారదు. వ్యాకరణ పట్టికలు ఆమెకు నాకంటె బాగుగా వచ్చును గాని నోట రావు. అందుచే పట్టికలు మూసివేసి, రోగి చరిత్ర అడుగుట మొదలుపెట్టితిమి. నేను రోగిని, ఆమె వైద్యురాలు. జ్వరమెప్పుడు మొదలయ్యెను? రాత్రి ఎట్లుండెను? ఇప్పుడెట్లున్నది? ఎన్ని దినములనుండి దగ్గుచున్నావు? రోగి చరిత్రలో మూడు కాలములును, వాని భేదములును తమంతట తామే వచ్చి నిలుచును. ఇంతకు మించిన కాలబోధిని యొకటి యున్నదని నేననుకొనను. రెండు నెలలలో ఆమె నాకు లేని రోగములన్నిటిని కనుగొనెను.

ఒక సంగతి మాత్రము నవ్వులాట కాదు. నీవు భోజనము చేయలేదా అని అడిగినచో తెలుగువారు, అవును, చేయలేదు, అందురు. చీనావారును అట్లే అందురు. ఎదుటివాని మాట నిజమైనచో అవును, కానిచో కాదు. ఇంగ్లీషున అట్లు గాదు. చేయనివాడు నో యనవలెను. ఇప్పుడు రోగిని, మీకు ఏ మందును పడకపోవుట లేదు గదా, అని ఇంగ్లీషున అడిగితి మనుకొనుడు. రోగి యస్ అనెను. తెలుగు మనస్సుతోను, చీనా మనస్సుతోను విన్నచో సూది వేయవచ్చును. ఇంగ్లీషు మనస్సుతో విన్నచో వేయరాదు. ఒక్క చిన్న మాటపై ప్రాణమాధారపడి యున్నది. మేము చేసికొన్న నియమమిది: రోగిని వ్యతిరేకార్థక ప్రశ్న ఎన్నడును వేయరాదు, వేసినవారికి ఒక్క యస్ తోగాని నో తోగాని ఊరకొనక పూర్తి వాక్యముతో ప్రత్యుత్తరమీయవలెను. ఈ నియమమును నేను నేటికిని మా ఆసుపత్రిలో పాటించుచున్నాను, తెలుగున అడిగినప్పుడు సైతము.

భాషల పోలికలు వెదకుచు మేము ఎన్ని సాయంకాలములు గడపితిమో లెక్కలేదు. ప్రశ్నార్థకమును వాక్యము చివర తగిలించుట వారికి మా, మనకు ఆ. నిన్న వచ్చిన మనిషి అను వాక్యమున మనిషికి ముందే విశేషణమంతయు వచ్చుట రెండు భాషలకును సమానము. ఇంగ్లీషు మాత్రము మనిషిని ముందు నిలిపి వాని కథ తరువాత చెప్పును. మనము, మేము అను భేదము ఇంగ్లీషునకు లేదని నేను చెప్పగా, ఉత్తర చీనావారికి అట్టి భేదము కలదని ఆమె తెలిపెను. అన్నయు తమ్ముడును, అక్కయు చెల్లెలును ఇంగ్లీషున ఒక్కటియే యని ఇద్దరము ఆ భాషను నిందించితిమి. ఎదురుపడినవారిని భోజనమైనదా యని కుశలమడుగుటయు ఉభయులకు సమానమే. అమెరికా దేశస్థుని ఇట్లు కుశలమడిగినచో వాడు విందునకు పిలుచుచున్నారని భ్రమపడును.

ఈ సందర్భమున మన మిషను చరిత్రలోని యొక ముచ్చట చెప్పవలెను. వంగదేశమున శ్రీరాంపురములో కేరీగారును, మార్ష్‌మన్‌గారును కలిసి పనిచేసిరని మీరు వినియుందురు. కేరీగారి తెలుగు వ్యాకరణమును, మార్ష్‌మన్‌గారి చీనా వ్యాకరణమును ఆ యొక్క చోటనే, ఆ యొక్క సంవత్సరముననే, 1814లో అచ్చుపడినవి. మార్ష్‌మన్‌గారు చీనాకు పోయినవారు కారు. మకావులో పుట్టిన లాసరు అను ఆర్మీనియా దేశస్థునియొద్ద గంగయొడ్డున ఆ భాష నేర్చి, చీనా బైబిలును 1822లో అచ్చొత్తించిరి. 1807లో కాంటనునకు పోయిన మారిసనుగారికి చీనా నేర్పిన పంతుళ్లు ప్రాణములకు తెగించి నేర్పిరి, విదేశీయులకు భాష నేర్పుట అప్పుడు నేరము. 1842లో గుంటూరు చేరిన హయ్యరుగారును తెలుగు పంతుళ్లముందు కూర్చుండియే మన భాష నేర్చిరి. మనకు ఇంగ్లీషు నేర్పినవారు ముందుగా మనయొద్ద విద్యార్థులైరి. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె తెలుగు వ్యాకరణమును, చీనా వ్యాకరణమును ఒకే అచ్చు కూటమున పుట్టిన కవలలని యనెను. కవలలు కావు, పాలివారు అని నేనంటిని. ఆ మాటను ఆమెకు వివరించుటకు అరగంట పట్టెను.

చీనా నేర్చుకొనుటలో నా పాట్లను గూర్చి విస్తరింపను. నాలుగు స్వరములు పలుకుటకు నాకు ఒక సంవత్సరము పట్టెను. కొండపల్లెలనుండి వచ్చు ముసలివారు మాండలికమున మాటలాడినప్పుడు నాకు తెలియకపోయినచో ఆమె ప్రక్కన నిలిచి నాకు తిరుగ చెప్పెడిది. అంతియే.

ముఖాముఖి పరీక్షకు సిద్ధపరచుటయే గట్టి పని. ఇట్టి పరీక్షలకు విద్యార్థులు ఒక ఉపన్యాసమును కంఠస్థము చేసికొని పోవుదురు: నేను సుదీర్ఘ చరిత్రగల సుందర నగరమునుండి వచ్చితిని, నాకు పుస్తకములును సంగీతమును ఇష్టము, ఇత్యాది. పరీక్షకులు అది దినమునకు నలుబది మారులు వినియుందురు. పుస్తకములోనిది విడిచి నీ యూరిని గూర్చి చెప్పుమని నేనంటిని. ఆమె చాలసేపు ఊరకుండి, మా యూరిలో చెప్పదగినదేమియు లేదు, మిరపకాయలు మాత్రమున్నవి, అనెను.

మా యూరిలోను అవియే యున్నవి, ప్రత్తియు కలదు, అని నేనంటిని. ప్రత్తిపాడు అను పేరులో పాడు అనగా చెడిపోయినదని కాదు, ఊరు అని అర్థమని చెప్పితిని. తరువాత ఆ సాయంకాలమంతయు మిరపకాయల సంభాషణమే. వారి నాయనమ్మ మిరపకాయలను త్రాటికి గ్రుచ్చి చూరునకు వ్రేలాడదీయును. మేము కల్లములో పరచి ఎండబెట్టుదుము. కాయ కోయుటకు, తొడిమ తీయుటకు, తాలుకాయ లేరుటకు, మంచు పడకముందు కుప్ప చేసి కప్పుటకు ఇంగ్లీషు మాటలు వెదకితిమి. తాలుకాయకు ఏ నిఘంటువులోను మాట దొరకలేదు. రంగు పోయిన కాయ అని సరిపెట్టుకొంటిమి. పదునారవ శతాబ్దికి పూర్వము ఈ రెండు దేశములలోను మిరప లేదనియు, అది అమెరికానుండి ఓడలపై వచ్చినదనియు నేను చెప్పగా ఆమె నమ్మలేదు. మిరప లేక తమ పూర్వులు అన్నమెట్లు తినిరని యడిగెను. మా నాయనమ్మయు ఇదే ప్రశ్న యడిగి యుండెను. గుంటూరు యార్డునుండి తేజ రకపు కాయలు టిక్కీలకొలది చీనాకు పోవునని చెప్పినప్పుడు మాత్రము ఆమె గట్టిగా నవ్వెను. ఆ సాయంకాలము ఆమె ఒక్క మాటకైనను తడుముకొనలేదు. ఇంగ్లీషున మాటలాడుచున్నామను సంగతియే ఆమె మరచినది.

2018వ సంవత్సరము డిసెంబరులో ఆమె వ్రాత పరీక్ష వ్రాసెను. ఇంగ్లీషు పత్రమున కొలది మార్కులతో గట్టెక్కెను. 2019 వసంతకాలమున ముఖాముఖికి పిలుపు వచ్చెను. రైలులో తెల్లవారుజామున బయలుదేరి పోయెను. నేను ఆనాడు శస్త్రచికిత్స విభాగమున నుంటిని, మనస్సు మాత్రము అచ్చట లేదు. రాత్రి ఆమె సందేశము పంపెను. మీ యూరిని గూర్చి చెప్పుమనిరట. మిరపకాయలను గూర్చి చెప్పెనట. ఒక ముసలి ఆచార్యుడు, నీవు శిశువుల విభాగమున ఇంకను పని చేయలేదు గదా, అని ఇంగ్లీషున అడిగెనట. ఆమె, నో, నేను చేయలేదు, అని పూర్తి వాక్యమున ప్రత్యుత్తరమిచ్చెనట. ఈ నో ను ఆమె సందేశములో మూడుమారులు వ్రాసెను. పది దినములకు ఆమెకు చోటు దొరికినట్లు తెలిసెను. అది నా బోధనా మహిమయని చెప్పుకొనను. ఆమె నాలుగు సంవత్సరములు తెల్లవారుజామున చెరువుగట్టున నిలిచి పెద్ద గొంతుతో చదివినది, నేను చదువలేదు.

ఆ వేసవిలోనే నా చదువు ముగిసెను, ఇంటికి వచ్చితిని. మరుసటి సంవత్సరము జనవరిలో హూబేలో మహమ్మారి చెలరేగెను. సెలవులకు వచ్చిన మన తెలుగు విద్యార్థులు 2022 వరకు తిరిగి పోలేక ఇంటనుండియే టెలిఫోనులలో పాఠములు వినిరి. ఆమె ఆ దినములలో ఆసుపత్రిలోనే యుండెను. కొన్ని వారములు ఆమెనుండి సమాచారము లేదు. తరువాత ఒక్క మాట వచ్చెను, భోజనమైనదా అని. నేను కన్నీటితో అయినదని వ్రాసితిని. అప్పటికింకను నేను తినలేదు.

ఇప్పుడామె శిశువైద్యురాలు. తన క్రింది నర్సులకు వారమున కొకనాడు ఇంగ్లీషు చెప్పుచున్నదట. కాగితపు ముక్కయు, ముక్కు మూయుటయు ఆ తరగతిలో నడచుచున్నవని వ్రాసినది. గత డిసెంబరులో నేను మన పాఠశాలకు వచ్చినప్పుడు ఆరవ తరగతి పిల్లలచే ఆ కాగితపు పరీక్ష చేయించితిని. నలువదిమందిలో కాగితము కదలించినది ఒక బాలుడు మాత్రమే. వానికి ఆనాడు తుమ్ములు.

మొన్న ఆమె పంపిన జాబులో ఒక సందేహమున్నది. ఇంగ్లీషున జలుబునకు ముందు ఎ అందురు, ఫ్లూ జ్వరమునకు ముందు ది అందురు, మలేరియాకు ముందు ఏమియు అనరు. కారణమేమి? మన రెండు భాషలలోను ఇట్టి ఉపపదములు లేవు గావున మేమిద్దరము ఆ తలుపునకు వెలుపలనే నిలిచియున్నాము. నేను ఆ ప్రశ్నను, నాకు ఈ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి ఉద్యోగము విరమించిన మాస్టరుగారికి చూపితిని. వారు కండ్లజోడు తీసి తుడిచి, మరల పెట్టుకొని, రెండుమారులు చదివి, వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత చెప్పెదనమ్మా, అనిరి.